"ఇది ఎవరు చూశారమ్మా?" అనిపించుకోకుండా మొదటి పరిశోధన పేపర్ అచ్చు వేయించుకోవడం ఎలా

పీహెచ్‌డీ సినాప్సిస్ (థీసిస్‌కు ముందు ఇచ్చే సంక్షిప్త రూపం) ఇవ్వడానికి ఇంకో మూడు నెలలే ఉంది. "పేపర్ సంగతి ఏమైంది?" అని గైడ్ సార్ అడిగారు. ఆ రాత్రే స్కాలర్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది: "48 గంటల్లో పబ్లికేషన్, ఇంటర్నేషనల్ జర్నల్, ఈ-సర్టిఫికెట్ ఉచితం." నెల్లూరులో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పార్ట్‌టైమ్ స్కాలర్‌గా ఉన్న రోజుల్లో నేను ఆ టెన్షన్‌లోనే రూ.3,500 కట్టేశాను. నాలుగో రోజుకు పేపర్ వెబ్‌సైట్‌లో ఉంది. ఇంట్లో అందరికీ చూపించాను.

ఆ పేపర్‌లో రెండో పట్టికలో శాతాలు కూడితే 112 వస్తాయి. నేను చూసుకోలేదు. జర్నల్ వాళ్లు అసలు చదవలేదు. ఏడేళ్ల తర్వాత ఒక ఇంటర్వ్యూలో బోర్డులో ఉన్న పెద్దాయన ఆ పట్టిక మీద వేలు పెట్టి, "ఇది ఎవరు చూశారమ్మా?" అని మెల్లగా అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

పరిశోధన ప్రచురణ అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మీరు కనుక్కున్నదాన్ని అచ్చుకు ముందు ఆ విషయం తెలిసినవాళ్లు ఎవరైనా చదివారా, తప్పులు పట్టుకున్నారా, మీరు వాటిని దిద్దారా? నేను ఆలస్యంగా నేర్చుకున్న పనులను మీరు మొదటి పేపర్‌కే చేసుకోవాలని వరసగా రాస్తున్నాను.

ముందు నిబంధన కాగితం చేతిలోకి తీసుకోండి

యూజీసీ 2016 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేలోపు రిఫరీడ్ జర్నల్‌లో (నిపుణుల చేత చదివించాకే పేపర్ వేసే పత్రికలో) కనీసం ఒక పేపర్, సదస్సుల్లో రెండు సమర్పణలు తప్పనిసరిగా ఉండాలి. 2022 నవంబర్‌లో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ తప్పనిసరి షరతు తీసేశారు. అయితే విశ్వవిద్యాలయాలు తమ సొంత షరతులు పెట్టుకోవచ్చు, చాలాచోట్ల పెట్టుకున్నాయి కూడా. అందుకని సీనియర్ చెప్పిన మాట, క్యాంటీన్‌లో విన్న మాట పక్కన పెట్టి, మీరు చేరిన సంవత్సరానికి వర్తించే నిబంధనల కాపీని రీసెర్చ్ సెక్షన్‌లో అడిగి తీసుకోండి.

ఒంగోలు వాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం 2022లో ఏర్పడింది. అంతకుముందు ఒంగోలు పీజీ సెంటర్ నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండేది. పాత రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు తమకు ఏ విశ్వవిద్యాలయం నిబంధన వర్తిస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. 2008లో మొదలైన నెల్లూరు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు గానీ, కాకుటూరు క్యాంపస్‌కు వెళ్లినప్పుడు ఆ కాపీ తెచ్చుకోవడం వాళ్లూ మరిచిపోకూడదు.

ఇంకో మాట. మంచి జర్నళ్లను ఏరడానికి యూజీసీ 2018 చివర్లో 'కేర్' అనే ఏర్పాటు మొదలుపెట్టి, ఒక జాబితా నడిపింది. 2025 ఫిబ్రవరిలో ఆ జాబితాను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. జర్నల్‌ను బేరీజు వేసుకోవడానికి కొన్ని సూచనలు ఇచ్చి, నిర్ణయాన్ని విద్యాసంస్థలకే వదిలేసింది. అయినా "యూజీసీ కేర్ అప్రూవ్డ్" అనే మెసేజ్‌లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. జాబితా ఆగిపోయాక కూడా ఆ పేరు వాడుకుని డబ్బు అడుగుతున్నారంటే, ఆ మెసేజ్‌ను అక్కడే ఆపేయండి.

థీసిస్ అధ్యాయాన్ని యథాతథంగా పంపకండి

థీసిస్‌లో మీరు చదివిందంతా చూపించాలి. పేపర్‌లో ఒక్క ప్రశ్న అడిగి, దానికి ఒక్క జవాబు చెప్పాలి. నా అంశం రొయ్యల గుంటల పక్కన ఉన్న బావుల్లో ఉప్పదనం. మొదటి చిత్తుప్రతిలో నెల్లూరు జిల్లా చరిత్ర, పెన్నా నది, ఆక్వా రంగం పుట్టుక, వెనామీ రకం రొయ్య రాక, రైతుల అప్పులు, అన్నీ రాశాను. అసలు విషయం పదకొండో పేజీలో ఉంది. అచ్చుకు ముందు పేపర్ చదివి తప్పొప్పులు చెప్పే రివ్యూయర్ అంత దూరం ఎందుకు వస్తాడు?

ఒక చిన్న పరీక్ష చేయండి. మీ అంశం తెలియని తోటి లెక్చరర్‌కు టీ తాగేలోపు మీ పేపర్‌ను రెండు వాక్యాల్లో చెప్పండి: "గుంటకు దగ్గరగా ఉన్న బావుల్లో, దూరంగా ఉన్న బావుల్లో ఏడాది పొడవునా నెలనెలా ఉప్పు కొలిచాను. దగ్గరి బావుల్లో వేసవిలో ఎక్కువైంది, వానలు పడ్డాక కూడా పూర్తిగా తగ్గలేదు." ఇలా చెప్పగలిగితే పేపర్ ఉన్నట్టే. చెప్పలేకపోతే ఇంకా డేటా దశలోనే ఉన్నారు, తొందరపడకండి.

సైన్స్ పేపర్లలో వరస దాదాపు అంతటా ఒకటే: ఎందుకు చేశాం, ఎలా చేశాం, ఏం వచ్చింది, దాని అర్థమేమిటి. నా సలహా, 'ఎలా చేశాం' ముందు రాయండి. అది మీకు కచ్చితంగా తెలిసిన భాగం, కాబట్టి చెయ్యి ఆడుతుంది. తర్వాత పట్టికలు, చిత్రాలు. సారాంశం అన్నిటికంటే చివర రాయండి, కానీ ఎక్కువ సమయం దానికే ఇవ్వండి. చాలామంది చదివేది అదొక్కటే.

మన ఊరు, మన కొలతలు బయటివాళ్లకు తెలియవు

రివ్యూయర్ లూధియానాలో ఉండొచ్చు, లిస్బన్‌లో ఉండొచ్చు. "ఎకరాకు నాలుగు పుట్లు" అంటే నెల్లూరు రైతుకు వెంటనే అర్థమవుతుంది. పుట్టి అంటే 850 కిలోలని పక్క జిల్లాల్లోనే అందరికీ తెలియదు. దిగుబడిని హెక్టారుకు కిలోల్లోకి మార్చండి. రైతులు పుట్లలో చెప్పారని, వాటిని మీరు ఏ లెక్కన మార్చారని పద్ధతుల భాగంలో ఒక వాక్యం రాయండి.

జిల్లా పేరుతో కూడా చిక్కే. 2022 ఏప్రిల్ విభజనలో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు వచ్చింది, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి, అద్దంకి, చీరాల బాపట్లలో కలిశాయి. ఆ తర్వాత కూడా హద్దులు మారాయి, మళ్లీ మారొచ్చు. 2019లో తీసిన నమూనాను నేటి జిల్లా పేరుతో రాస్తే పాత పేపర్లతో పోల్చేవాళ్లు తికమక పడతారు. అందుకే మండలం, గ్రామం, అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి, నమూనా తీసిన నాటికి ఏ జిల్లాలో ఉందో చెప్పండి. పులికాట్ మీద పనిచేసేవాళ్లకు ఇది మరీ అవసరం. ఆ సరస్సు రెండు రాష్ట్రాల్లో ఉంది.

పాత పేపర్లు వెతికేటప్పుడు మనకు మాత్రమే ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. గూగుల్ స్కాలర్‌లో నెల్లూరు అని ఇంగ్లీషులో కొడితే బ్రెజిల్ పశువుల పేపర్లు గుట్టలుగా వచ్చిపడతాయి. అక్కడి 'నెలోర్' పశువులు మన ఒంగోలు జాతి నుంచి వచ్చినవే. జాతి ఒంగోలుది, పేరు నెల్లూరుది! వాటి వెంట నెల్లూరు గొర్రెల పేపర్లు. మీది నీళ్ల అంశమో వరి అంశమో అయితే ఆంధ్రప్రదేశ్ అనే మాటను కొటేషన్ గుర్తుల్లో కలపండి, పశువులు అనే ఇంగ్లీషు మాటకు ముందు మైనస్ గుర్తు పెట్టండి. నాకు ఇది చెప్పినవాళ్లు లేక ఒక వారం పోయింది.

పేపర్ల పూర్తి ప్రతి దొరకడం ఒకప్పుడు పెద్ద సమస్య. జర్నళ్ల చందా తానే కట్టే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని కేంద్రం 2024 నవంబర్‌లో ఆమోదించింది. మూడేళ్లకు రూ.6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ కాలేజీలు దీని కింద వస్తాయి. మీరు ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం చేస్తున్నా, రిజిస్ట్రేషన్ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఉంటే ఆ లైబ్రరీకి వెళ్లి, ఇంటి నుంచి చదువుకునే లాగిన్ ఇస్తారా అని అడగండి. అడిగితేనే ఇస్తారు, చాలామంది అడగరు.

జర్నల్‌ను ఎంచుకోవడం: ఇక్కడ నెల రోజులు పోయినా ఫర్వాలేదు

మంచి జర్నల్ పేరు వాట్సాప్‌లో దొరకదు, మీ సొంత రిఫరెన్సుల జాబితాలో దొరుకుతుంది. మీరు ఏ పేపర్ల మీద ఆధారపడ్డారో అవి ఎక్కడ అచ్చయ్యాయో లెక్క పెట్టండి. ఒకే జర్నల్ నాలుగైదుసార్లు వచ్చిందా? మీ మాట వినేవాళ్లు అక్కడే ఉన్నారు. అలా మూడు జర్నళ్లు రాసుకుని, ఒక్కోదాంట్లో గత రెండేళ్ల పేపర్లు ఐదు చదవండి. ఒకే జిల్లాకు పరిమితమైన అధ్యయనాలను వేసుకుంటారా, వేస్తే ఎన్ని నమూనాలు ఉన్నాయి, ఎంత పొడవు ఉన్నాయి అని చూడండి.

మొదటి పేపర్‌కు విదేశీ జర్నల్ పేరే కావాలని పట్టుబట్టకండి. చేపలు, రొయ్యల మీద చేసేవాళ్లకు కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తెచ్చే ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిషరీస్ ఉంది. ఒంగోలు జాతి మీదో నెల్లూరు గొర్రెల మీదో చేసేవాళ్లకు భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐకార్) తెచ్చే ఇండియన్ జర్నల్ ఆఫ్ యానిమల్ సైన్సెస్ ఉంది. బెంగళూరు నుంచి 1932 నుంచీ వస్తున్న కరెంట్ సైన్స్, ఆర్థిక సామాజిక అంశాలకు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ ఉన్నాయి. వీటిలో చోటు దొరకడం తేలికేం కాదు. కానీ తిప్పి పంపినా, ఎందుకు పంపారో తెలిసేలా ఉంటుంది. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీటి గురించో, చీమకుర్తి గ్రానైట్ క్వారీల గురించో చేసిన పనికి ఈ దేశంలోనే పాఠకులు ఎక్కువ.

ఇప్పుడు జర్నల్ అసలుదో నకిలీదో తేల్చే పని. నేను వరసగా ఇవి చూస్తాను.

ఐఎస్‌ఎస్‌ఎన్ నంబర్‌ను ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్‌లో కొట్టి చూడండి. ఎనిమిది అంకెల ఆ నంబర్ పత్రికకు గుర్తింపు మాత్రమే. పెళ్లిళ్ల మ్యాగజైన్‌కు కూడా ఇస్తారు. "ఐఎస్‌ఎస్‌ఎన్ ఉంది కాబట్టి మంచి జర్నల్" అనేది తప్పు. డీఓఐ కూడా అంతే. అది 10తో మొదలయ్యే శాశ్వత చిరునామా, నాణ్యత ముద్ర కాదు.

"స్కోపస్ ఇండెక్స్‌డ్" అని జర్నల్ తన గురించి తాను చెప్పుకుంటే నమ్మకండి. స్కోపస్ అంటే ఏరిన జర్నళ్ల పేపర్ల డేటాబేస్. స్కోపస్ వెబ్‌సైట్‌లో జర్నళ్ల జాబితాను డబ్బు కట్టకుండా ఎవరైనా వెతకవచ్చు. అక్కడ పేరుతో పాటు ఏ సంవత్సరం వరకు చేర్చారో కూడా ఉంటుంది. ఒకప్పుడు ఉండి తర్వాత తీసేసిన జర్నళ్లు పాత పేరుతోనే బతికేస్తుంటాయి. వెబ్ ఆఫ్ సైన్స్‌కూ ఇలాగే మాస్టర్ జర్నల్ జాబితా ఉంది. అందరూ ఉచితంగా చదివే ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయితే డోజ్ (DOAJ) అనే డైరెక్టరీలో ఉందా అని చూడండి.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే చాలామంది జర్నల్‌కు వేసే మార్కులనుకుంటారు. లెక్క తేలిక. ఒక జర్నల్ 2022, 2023లో కలిపి 100 పేపర్లు వేసింది. ఆ వంద పేపర్లను 2024లో మిగతావాళ్లు 150 సార్లు ప్రస్తావించారు. అప్పుడు 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1.5. దీన్ని లెక్కకట్టి ఏటా ప్రకటించేది క్లారివేట్ సంస్థ ఒక్కటే. 'గ్లోబల్', 'యూనివర్సల్', 'సైంటిఫిక్' లాంటి మాటలు ముందు తగిలించి 7.9, 8.2 అని వేసుకునే అంకెలకు విలువ లేదు. ఒక విభాగంలో 1.5 గొప్ప, ఇంకో విభాగంలో మామూలు, కాబట్టి మీ విభాగంలోని జర్నళ్లతోనే పోల్చండి.

ఎడిటోరియల్ బోర్డులో ఇద్దరి పేర్లు తీసుకుని, వాళ్లు పనిచేసే సంస్థ వెబ్‌సైట్‌లో ఉన్నారా, తాము ఫలానా జర్నల్ బోర్డులో ఉన్నామని చెప్పుకున్నారా చూడండి. తమ పేరు వాడుకున్న సంగతి తెలియని ప్రొఫెసర్లు ఎందరో ఉన్నారు.

పేపర్ మొదటి పేజీలో వచ్చిన తేదీ, సవరించిన తేదీ, అంగీకరించిన తేదీ ఉంటాయి. ఐదు పేపర్ల తేదీలు చూడండి. అన్నీ మూడు రోజుల్లో అంగీకరించినవే అయితే ఎవరూ చదవలేదన్నమాట. ఈ తేదీల పద్ధతి చాలా పాతది. 1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ పత్రికను మొదలుపెట్టినప్పుడు కూడా, ఒక విషయాన్ని ముందు ఎవరు చెప్పారో నమోదు చేయడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. అందుకే తేదీలతో ఆడుకునే జర్నల్‌ను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

చివరిది, మెయిల్‌లో వచ్చిన లింకు ద్వారా ఎప్పుడూ వెళ్లకండి. పేరున్న పాత జర్నల్ పేరు, ఐఎస్‌ఎస్‌ఎన్ కాజేసి అచ్చం అలాంటి వెబ్‌సైట్ కట్టి డబ్బు వసూలు చేసేవాళ్లున్నారు. ప్రచురణ సంస్థ సొంత సైట్ నుంచో, స్కోపస్ పేజీ నుంచో వెళ్లండి. ఇదంతా విదేశాల గొడవ అనుకోవద్దు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసం చేసిందని 2019లో అమెరికా కోర్టు ఒకటి 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది.

ఫీజు అడిగిన ప్రతి జర్నల్ నకిలీది కాదు. ఓపెన్ యాక్సెస్ జర్నళ్లలో మంచివి కూడా ఏపీసీ (పేపర్ వేసేందుకు రచయిత కట్టే ఫీజు) పేరుతో తీసుకుంటాయి. ఆ మొత్తం ముందే వెబ్‌సైట్‌లో ఉంటుంది, పేపర్ అంగీకరించాకే కట్టించుకుంటాయి. కానీ చందాలతో నడిచే జర్నళ్లు చాలావరకు రచయిత నుంచి ఏమీ తీసుకోవు. ఫెలోషిప్ లేని స్కాలర్ అప్పు చేసి పేపర్ వేయించుకోవలసిన అవసరం లేదని నేను గట్టిగా చెబుతాను.

ఎవరి పేరు ఉండాలి, పేరు ఎలా రాయాలి

మన పేర్లకు ఇంటిపేరు ముందు వస్తుంది. జర్నల్ ఫారంలో 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అని రెండు గళ్లుంటాయి. కె. పెంచల నరసయ్య అనే స్కాలర్ ఒక పేపర్‌లో 'నరసయ్య కె.పి.', ఇంకోదాంట్లో 'పెంచల ఎన్.కె.' అయిపోతాడు. డేటాబేస్ దృష్టిలో వాళ్లు ఇద్దరు మనుషులు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న అమ్మాయిలకు ఇంకా కష్టం. మొదటి పేపర్‌కు ముందే ఒక రూపం తేల్చుకుని జీవితాంతం అదే వాడండి. పరిశోధకులను గుర్తించే ఆర్కిడ్ (ORCID) ఐడీ తీసుకోండి. 16 అంకెల నంబర్, ఉచితం, పది నిమిషాల పని. పేరు ఎలా మారినా నంబర్ మారదు.

ఇక రచయితల వరస. వైద్య జర్నళ్ల సంపాదకుల సంఘం పెట్టిన నాలుగు షరతులను ఇతర విభాగాలు కూడా చాలావరకు ఒప్పుకుంటాయి: పనిలో గట్టి పాత్ర ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో పాలు ఉండాలి, చివరి ప్రతిని ఒప్పుకుని ఉండాలి, రేపు ఎవరైనా అడిగితే బాధ్యత తీసుకోవాలి. నాలుగూ ఉండాలి. నమూనాలు మోసిన ల్యాబ్ అటెండర్‌కు, నీళ్లు పట్టుకోనిచ్చిన రైతుకు కృతజ్ఞతల్లో పేరు పెట్టండి. ఏమీ చేయని పెద్దవాళ్ల పేరు గౌరవం కోసం చేర్చడం మనవైపు అలవాటైపోయింది. కాదనడం కష్టమని నాకు తెలుసు. అందుకే పని మొదలైనప్పుడే గైడ్‌తో మాట్లాడండి. "సార్, ఈ పేపర్‌లో ఎవరెవరి పేర్లు, ఏ వరసలో ఉండాలో మీరు చెబితే రాసుకుంటాను" అంటే ఎవరూ నొచ్చుకోరు. ఆ మాటను అదే రోజు మెయిల్‌లో పెట్టండి.

రెండో పేరైనా చిన్నబుచ్చుకోవద్దు. 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి మీద వచ్చిన పేపర్‌లో మొదటి పేరు ఫిస్క్‌ది, రెండోది మన యల్లాప్రగడ సుబ్బారావుది. ఆ పద్ధతిని వందేళ్లుగా ఇద్దరి పేర్లతోనే పిలుస్తున్నారు.

కాపీ లెక్క, అనుమతులు

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. థీసిస్‌లో 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కొటేషన్లు, రిఫరెన్సులు లెక్కలోకి రావు. సాఫ్ట్‌వేర్ చూపే శాతం తగ్గించడానికి మాటలు అటూ ఇటూ మార్చే పని మాత్రం చేయకండి. పుస్తకం మూసి, మీకు అర్థమైంది మీ మాటల్లో రాసి, ఎవరిదో చెప్పండి. ఏఐ టూల్‌తో ఇంగ్లీషు దిద్దించుకుంటే ఆ మాట పేపర్‌లో చెప్పండి. రిఫరెన్సులు మాత్రం దాన్ని అడగకండి, లేని పేపర్లను పుట్టించి ఇస్తుంది.

మనుషుల రక్తం, మూత్రం, ఆరోగ్య వివరాలు తీసుకుంటే ఎథిక్స్ కమిటీ అనుమతి పని మొదలుకాక ముందే ఉండాలి. కిడ్నీ జబ్బుల మీద ఊళ్లలో సర్వే చేసేవాళ్లు దీన్ని మరవకూడదు. తర్వాత తెచ్చుకుంటామంటే కుదరదు.

పంపడం

ఒకసారికి ఒక్క జర్నల్‌కే పంపండి. రెండుచోట్ల పంపి దొరికితే రెండూ పోతాయి. 'రచయితలకు సూచనలు' పేజీ ప్రింట్ తీసి, రిఫరెన్సుల పద్ధతి, పదాల సంఖ్య, చిత్రాల సైజు ఒక్కొక్కటి టిక్ పెట్టండి. ఎడిటర్‌కు రాసే ఉత్తరం అర పేజీ చాలు: ఏం కనుక్కున్నారు, ఈ జర్నల్ పాఠకులకు ఎందుకు అవసరం, ఇంకెక్కడా పంపలేదు.

ఎడిటర్ రెండు వారాల్లో తిప్పి పంపితే అది సాధారణంగా అంశం నప్పకపోవడమే. తర్వాతి జర్నల్‌కు పంపండి. ఎడిటర్ దగ్గర దాటితే ఇద్దరు ముగ్గురు రివ్యూయర్లకు వెళుతుంది. వాళ్లకు జీతం లేదు, తమ పని మధ్యలో చదువుతారు. మూడు నెలలు, ఆరు నెలలు పట్టడం మామూలే. అందుకే సినాప్సిస్‌కు మూడు నెలల ముందు కాకుండా కనీసం ఏడాదిన్నర ముందు పంపాలి. నాలుగు నెలలు దాటితే మర్యాదగా ఒక మెయిల్ పెట్టవచ్చు.

రివ్యూయర్ల మాటలు వచ్చిన రోజు

ఆ రోజు ఏమీ రాయకండి. నా మొదటి నిజమైన రివ్యూ మూడు పేజీలు వచ్చింది. చదివి ఏడ్చాను. "బావుల లోతు చెప్పలేదు, లోతు వేరైతే పోలికే చెల్లదు" అని ఒక రివ్యూయర్ రాశాడు. కోపం వచ్చింది. మూడో రోజు చల్లబడి చూస్తే ఆయన మాట అక్షరాలా నిజం. లోతు నా నోట్‌బుక్‌లో ఉంది, పేపర్‌లో లేదు. మళ్లీ ఇందుకూరుపేట, ముత్తుకూరు వెళ్లి, తాడు వదిలి ప్రతి బావినీ ఇంకోసారి కొలిచాను. రెండు బావులు తీసేయాల్సి వచ్చింది. ఫలితం కొంచెం తగ్గింది, కానీ నిలబడింది. రూ.3,500 కట్టిన రోజు నాకు దొరకనిది ఇదే.

'మేజర్ రివిజన్' అంటే తిరస్కారం కాదు. ఎడిటర్‌కు మీ పేపర్ మీద ఆశ ఉందని అర్థం. ఇలా చేయండి. ప్రతి వ్యాఖ్యకూ ఒక నంబర్ వేసి, దాన్ని యథాతథంగా దించుకోండి. కింద మీ జవాబు, దాని కింద పేపర్‌లో ఏ పేజీ ఏ వరసలో ఏం మార్చారో రాయండి. "బావుల లోతును రెండో పట్టికలో చేర్చాం. లోతు 12 మీటర్లు దాటిన రెండు బావులను తొలగించి లెక్కలు మళ్లీ చేశాం. పేజీ 6, వరస 14 నుంచి చూడండి." ఇంత నేరుగా ఉండాలి. పొగడ్తలు, క్షమాపణలు వద్దు.

రివ్యూయర్ ఎప్పుడూ సరైనవాడే కానక్కర్లేదు. ఒకాయన నన్ను సముద్రపు అలల మోడల్ చేయమన్నాడు. నా ప్రశ్నకు అది అవసరం లేదు. ఎందుకు అవసరం లేదో నాలుగు వాక్యాల్లో, రెండు పాత పేపర్ల ఆధారంతో రాశాను. ఎడిటర్ ఒప్పుకున్నారు. ఒప్పుకోని చోట కారణం చెప్పండి, జవాబు ఎగ్గొట్టకండి. తనను కాదన్నందుకు కంటే, తన మాటను పట్టించుకోనందుకు రివ్యూయర్ ఎక్కువ నొచ్చుకుంటాడు.

తిరస్కరిస్తే? రెండు రోజులు బాధపడండి, అందరికీ జరుగుతుంది. తర్వాత వాళ్లు చెప్పిన తప్పులు దిద్దుకుని రెండో జర్నల్‌కు పంపండి. దిద్దకుండా పంపితే, చిన్న విభాగాల్లో అదే రివ్యూయర్ చేతికి అదే పేపర్ మళ్లీ వెళుతుంది.

అంగీకరించాక

కాపీరైట్ ఫారం చదవకుండా సంతకం పెట్టకండి. చందా జర్నల్ అయితే హక్కులు సాధారణంగా ప్రచురణ సంస్థకు పోతాయి. అయినా అంగీకరించిన చిత్తుప్రతిని ఇన్ని నెలల తర్వాత విశ్వవిద్యాలయ భాండాగారంలో పెట్టుకోవచ్చని చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. ఏ జర్నల్ ఏం ఒప్పుకుంటుందో, ఇదివరకు షెర్పా రోమియో అనే పేరున్న ఓపెన్ పాలసీ ఫైండర్ సైట్‌లో ఉంటుంది. ఇదే పనిని థీసిస్‌లో వాడుకోవచ్చా అన్నది కూడా ఆ ఫారంలోనే చూడండి. థీసిస్ ఎలాగూ శోధ్‌గంగ అనే థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారంలోకి వెళుతుంది. కాబట్టి పేపర్‌గా వచ్చిన అధ్యాయం ఏదో థీసిస్‌లో స్పష్టంగా చెప్పండి.

చివరగా ప్రూఫులు (అచ్చుకు ముందు సరిచూసుకునే ప్రతి) వస్తాయి, 48 గంటల గడువుతో. ఈ 48 గంటలు నిజమైనవి! మీ పేరు, సంస్థ పేరు, ప్రతి పట్టికలో ప్రతి అంకె చూడండి. శాతాలు కూడండి. కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని, ఇంట్లో ఎవరినైనా గట్టిగా చదవమని, మీరు నోట్‌బుక్‌లో సరిచూడండి. మా అబ్బాయి చదివాడు, నేను చూశాను. రెండు అంకెలు తారుమారైన చోటు ఒకటి దొరికింది.

అచ్చయ్యాక ఇంకో పని ఉంది. ఆ ఫలితాన్ని రెండు పేజీల తెలుగులో, పట్టిక ఒకటే పెట్టి, మీకు నీళ్లు పట్టుకోనిచ్చినవాళ్లకు ఇచ్చి రండి. నేను ఇందుకూరుపేట మండలంలో ఒక గుంట దగ్గరకు తీసుకెళ్లాను. ఆ రైతు మా నాన్న వయసువాడు, కళ్లజోడు తెప్పించుకుని పట్టిక మొత్తం నిదానంగా చదివాడు. మే నెల అంకె దగ్గర ఆగి, "ఈ నెల మేము గుంటలోకి బోరు నీళ్లు కలిపాం తల్లీ, నువ్వు అడగలా, మేం చెప్పలా" అన్నాడు. నా రెండో పేపర్ ఆ బోరు దగ్గర మొదలైంది.